రొట్టె వాసన వేసిన వల

ఫిబ్రవరి 2

అబ్బాయికి నడుం నొప్పి కొంచెం నయం. వేడినీళ్ళ సంచి పెట్టుకుంటున్నాడు. కోడలికి తలనొప్పి. కళ్ళజోడు పవర్ మారిందని నా అనుమానం. పని చేసేది కళ్ళజోళ్ళ షాపులో, ఊళ్ళోవాళ్ళందరికీ మారుస్తుంది, తనకి మాత్రం తీరిక లేదు. మనవరాలికి వేళ్ళ చివర చర్మం లేచిపోయింది. ప్లాస్టర్లు చుట్టుకుంది. అడిగితే ఏం లేదు నానమ్మా అంటుంది. అక్కకి ఫోన్ చేశాను. తుంటి బాగానే ఉందట, చెవులే ఇంకా తగ్గాయట. నువ్వెలా ఉన్నావే అంది. బాగున్నా అన్నాను. ఆఁ? అంది. బాగున్నా అని అరిచాను. పక్కింటి టీచరు గోడ మీంచి తొంగిచూసింది, ఏమైందోనని. ఆవిడకి షుగరు, పాపం.

నాకు బీపీ. కొత్తేం లేదు.

ఈ డైరీ కోడలికి షాపువాళ్ళు ఇచ్చింది. పోయినేడాదిది, తారీఖులు దిద్దుకుని రాస్తున్నాను. మనసులో ఉన్నవి కాగితం మీద పెట్టెయ్యండి, నిద్ర పడుతుంది అని డాక్టరమ్మ చెప్పింది. నా చదువు రెండో క్లాసు. మిగతా అక్షరాలు సర్కస్‌లో జోకరు నేర్పాడు, పోస్టర్ల మీద వేలు పెట్టి చూపిస్తూ. అందుకే నా అక్షరాలు పెద్దగా ఉంటాయి. నాలుగు మాటలకి లైను నిండిపోతుంది. ఈ డైరీ ఎన్నాళ్ళు వస్తుందో అని ఒక దిగులు.

ఫిబ్రవరి 4

గుండెల్లో రాయి పడింది.

మనవరాలు సెలెక్ట్ అయ్యింది. ఫారిన్‌లో పోటీ. మార్చి ఆఖర్లో. పదిరోజులు.

పోటీ ఏంటంటే గోడలెక్కడం. ఇంతెత్తు గోడ కడతారు, దాన్నిండా బుడిపెలు పెడతారు, నడుముకి తాడు కట్టుకుని ఎవరు ఎక్కువ పైకి పాకితే వాళ్ళు గొప్ప. మనవరాల్ని ఇంట్లో బల్లి అంటాం. నడక రాకముందే అలమర ఎక్కి పై అరలో కూర్చున్న పిల్ల. అప్పుడు నేను పెట్టిన కేకకి పాలవాడు గిన్నె వదిలేశాడు. మూడేళ్ళుగా కోచింగ్‌కి వెళ్తోంది. నేను ఒక్కసారి కూడా చూడ్డానికి వెళ్ళలేదు. చూడకపోతే అది జరగనట్టే.

బల్లికి మొన్న పదహారు నిండాయి. పదిహేడు నడుస్తోంది.

ఫిబ్రవరి 5

పొద్దున్న అందరూ బయల్దేరేటప్పుడు రోజూ లాగే గుమ్మంలో నిలబడ్డాను. తాళం? ఉంది. ఫోను? ఉంది. గొడుగు? ఎండాకాలం వస్తోంటే గొడుగేంటమ్మా అని అబ్బాయి. ఉందా లేదా అన్నాను. ఉంది తల్లీ ఉంది అని బ్యాగులోంచి తీసి చూపించాడు. ఉంది అని నోటితో చెప్పందే నేను గుమ్మం వదలను. కోడలు పెళ్ళయిన కొత్తలో, ఇది ఇల్లా చెక్‌పోస్టా అని వాళ్ళమ్మతో అందట. ఇప్పుడు తనే నేనడక్కముందే ఉంది ఉంది ఉంది అని మూడుసార్లు చెప్పి పోతుంది. అలా కుదరదు. అడిగాక చెప్పాలి.

బల్లి ఒక్కతే నేను అడిగేదాకా ఆగి, చెయ్యి పెట్టి తడిమి చూసుకుని, అప్పుడు చెప్తుంది.

ఫిబ్రవరి 7

భోజనాల దగ్గర గొడవ.

అబ్బాయి వద్దన్నాడు. కారణం నేను. అమ్మ తట్టుకోలేదు, కాలేజీ బస్సు పావుగంట లేటయితేనే వీధి చివరికెళ్ళి నిలబడుతుంది, అలాంటిది ఇది దేశం కాని దేశంలో తాడుకి వేలాడుతుంటే ఈవిణ్ణి హాస్పిటల్‌కి ఎవరు మోసుకెళ్తారు అన్నాడు. బల్లి నా మొహం వంక చూసింది. నేను కంచం వంక చూశాను.

అత్తయ్య మీద పెట్టి మాట్లాడకండి, మీకిష్టం లేకపోతే లేదని చెప్పండి అంది కోడలు. నీకు తెలీదు, మా అమ్మ కంగారు మామూలు కంగారు కాదు, పాస్‌పోర్టు ఉన్న కంగారు అన్నాడు వాడు. అని, ఆ పాత కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. సర్కస్‌తో ఫారిన్ వెళ్ళి అమ్మ వల ఉతికేసింది, షో ఆగిపోబోయింది, రొట్టెల పొయ్యి మీద ఆరేశారు అని. కోడలికి అంత కోపంలోనూ నవ్వొచ్చింది. బల్లి నవ్వలేదు. అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కుంది.

పేర్లు పద్దెనిమిదో తారీఖుకల్లా పంపాలట. నాన్న ఒప్పుకుంటేనే పేరు వెళ్తుందట.

వద్దని నేను అనలేదు. పంపమనీ అనలేదు.

ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ళకి తెలిసింది ఆ కథలో నవ్వే ముక్క మాత్రమే. మిగతాది నేను రాస్తాను.

అప్పుడు నాకు పదిహేడు. అక్క పదహారంటుంది. మా అమ్మ లెక్కలో నేను పుట్టింది ఇంటి రేకు గాలికి ఎగిరిపోయిన ఏడు. ఆ రేకు ఎప్పుడెగిరిందో ఎవరికీ గుర్తులేదు. పాస్‌పోర్టు ఆఫీసులో గుమాస్తా నా మొహం కాసేపు చూసి పదిహేడు వేశాడు. వేశాక మార్చడం ఎందుకు. పదిహేడే.

అక్క ఊయల మీద ఎగిరేది. బావగారు అవతలి ఊయల మీద మోకాళ్ళు తగిలించి తలకిందులుగా వేలాడి, గాల్లో వచ్చే అక్క చేతులు పట్టుకునేవాడు. నన్నూ ఎగరడానికే చేర్చుకున్నారు. నిచ్చెన సగంలో నా కాళ్ళు వణికి, దిగడానికీ చేతకాక ఏడుస్తూ ఉండిపోయాను. ఇది దేనికీ పనికిరాదు, ఇంటికి పంపండి అన్నారు మేనేజరు గారు. బావగారు అడ్డుపడ్డాడు. దీనికి భయం బాగా ఎక్కువండీ, వల దీనికి అప్పగించండి అన్నాడు. అలా దొరికింది నాకు ఉద్యోగం. భయానికి ఉద్యోగం ఇచ్చినవాణ్ణి నేను ఇంకెక్కడా చూడలేదు.

రోజూ పొద్దున్నే గళ్ళు ఒక్కోటీ వేళ్ళతో తడిమేదాన్ని. తెగబోయే పోగు కంటికి కనపడదు, ముట్టుకుంటే తెలుస్తుంది, పిల్లి చెవిలా మెత్తగా ఉంటుంది. షో ముందు నాలుగు మూలలూ ఒళ్ళు బరువంతా వేసి లాగేదాన్ని. నిచ్చెన కింద నిలబడి అక్క అడిగేది. ఈ మూల? ఉంది. ఆ మూల? ఉంది. నాలుగూ అయ్యాకే మెట్టు మీద కాలు పెట్టేది. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలీదు, మేం చేరేసరికే ఉంది. మేనేజరు గారు పళ్ళు కొరికినా, జనం ఈలలు వేసినా, బ్యాండువాళ్ళు వాయించిందే వాయిస్తూ విసుక్కున్నా, నా నోట్లోంచి ఆ మాట రాకపోతే పైన ఆట లేదు. అంత పెద్ద డేరా, అంతమంది జనం, రెండో క్లాసు చదివిన పిల్ల మాట కోసం ఆగేవాళ్ళు.

ఇది ఎప్పుడైనా ఎవరికైనా చెప్పానా నేను. చెప్పినట్టు లేదు.

ఓడలో వెళ్ళాం. అందరూ డెక్కు మీద నిలబడి సముద్రం చూశారు. నేను కింద సామాన్ల దగ్గర వల మీద పడుకున్నాను, ఎలుకలు కొరుకుతాయని. జోకరు వచ్చి, అమ్మాయ్, నువ్వు ఫారిన్ వెళ్తున్నావు, వల కాదు, ఒక్కసారి పైకి రా అన్నాడు. వెళ్ళాను. నీళ్ళు చూశాను. మళ్ళీ దిగొచ్చేశాను.

దిగిన రోజు పొద్దున్న నా నోట్లోంచి పొగ వచ్చింది. లోపల ఏదో అంటుకుందనుకున్నాను. చెప్తే అక్క భయపడుతుందని నోరు గట్టిగా మూసుకుని చాలా దూరం నడిచాను. తర్వాత చూస్తే అక్క నోట్లోంచీ పొగే, పోలీసు నోట్లోంచీ పొగే. చలికి అంతేనట.

చెయ్యి నొప్పి పుడుతోంది. బీపీ బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తులేదు.

ఫిబ్రవరి 9

వేసుకున్నానట. కోడలు డబ్బాలో చూసి చెప్పింది.

వల సంగతి. ఓడలో ఉండి ఉండి దానికి జిడ్డు పట్టింది. నూనె కంపు, ఉప్పు జిగట. అక్క వచ్చి పడేది దాని మీదే. పరాయి దేశం వాళ్ళ ముందు మా వల కంపు కొడితే పరువేం కావాలి అనుకున్నాను. ఎవరినీ అడక్కుండా గుర్రాల తొట్టిలో సబ్బు వేసి ఉతికేశాను. మన దగ్గరయితే మధ్యాహ్నానికి ఆరి పెళపెళలాడుతుంది. అక్కడ ఎండ లేదు. వెలుతురు మాత్రమే ఉంది. మర్నాడు పొద్దున్న చూస్తే వల ఎలా ఆరేశానో అలాగే ఉంది, చల్లగా, బరువుగా, పిండితే నీళ్ళు. నూలు తాడు తడిస్తే బిగుసుకుపోతుంది. దాని మీద పడితే నేల మీద పడ్డట్టే, లేకపోతే బంతిలా అవతలికి విసిరేస్తుంది. సాయంత్రం మొదటి షో. టిక్కెట్లన్నీ అయిపోయాయి.

మేనేజరు గారు నన్నేమీ అనలేదు. టోపీ తీసి నేలకేసి కొట్టి, దాన్ని తనే తొక్కాడు.

మా డేరా పక్కన రొట్టెల బట్టీ ఉండేది. ఆ గొట్టం పొగ చూసి నేనే అటు పరిగెత్తాను. భాష రాదు. రొట్టెలాయన ఇంత మనిషి, కనుబొమ్మల మీద పిండి. నేను తడి తాడు ముక్క ఆయన చేతిలో పెట్టాను. పైకి చూపించాను. రెండు చేతులూ చాపి ఎగిరినట్టు చేశాను. కింద పడ్డట్టు చేశాను. నేల మీద నిజంగానే పడి చూపించాను. ఆయనకి ఏం అర్థమైందో, నన్ను లేవదీసి, చేతులు తుడుచుకుని, పొయ్యిల గది తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

మా వాళ్ళు వచ్చి వల మోశారు. పైన దూలాలకి అడ్డంగా వేలాడదీశాం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను కింద నిలబడి తిప్పుతూనే ఉన్నాను, ఇటు ఆరితే అటు. కింద ఆయన రొట్టెలు కాలుస్తూనే ఉన్నాడు. మధ్యలో ఒకటి తీసి నా చేతికిచ్చాడు. గొంతు దిగదు కదా, కంగారుకి. సంకలో పెట్టుకున్నాను. వేడికి సంక కాలింది, అయినా పడెయ్యలేదు.

మా అబ్బాయి చెప్పే కథ ఇక్కడితో అయిపోతుంది. అందరూ నవ్వుతారు.

ఆ సాయంత్రం షోలో ఏమైందో రేపు రాస్తాను.

ఫిబ్రవరి 10

రాయలేను. కళ్ళు మూసుకుంటే కనపడుతోంది.

ఫిబ్రవరి 11

బల్లి నాతో మాట్లాడ్డం లేదు. గుమ్మంలో అడిగితే తలూపి పోయింది.

ఫిబ్రవరి 13

ఇవాళ మాట్లాడింది. నా మంచం మీద కూర్చుని ప్లాస్టర్లు ఊడదీసుకుంటూ, నానమ్మా నువ్వు ఎన్నేళ్ళకి వెళ్ళావు అంది. తెలిసీ అడిగింది. పదిహేడు అన్నాను. పెద్దనానమ్మ పదహారంటుంది కదా అంది. దానికేం, అది అలాగే అంటుంది అన్నాను. నాకిప్పుడు పదహారంటే పదహారు, పదిహేడంటే పదిహేడు, ఎవరి లెక్కలో అయినా నాకు సరిపోతుంది అంది.

నేను ఊడదీసిన ప్లాస్టర్లు ఏరి కాగితంలో చుట్టాను.

నువ్వొచ్చి ఒక్కసారి చూడు, చూసి వద్దను, చూడకుండా వద్దనకు అంది. నేను వద్దనలేదే అన్నాను. నాన్న నీ పేరే చెప్తున్నాడు, నువ్వు ఊరుకుంటున్నావు, అది వద్దన్నట్టు కాదా అంది.

ఈ పిల్ల నోరు అచ్చం మా అక్కదే.

ఆదివారం వస్తానన్నాను. ఎందుకన్నానో.

ఫిబ్రవరి 15, ఉదయం

మజ్జిగ కూడా దిగలేదు. బిళ్ళ వేసుకున్నాను. రెండో బిళ్ళ కొంగుకి కట్టుకున్నాను. టీచరుకి ఇంటి తాళం ఇచ్చాను. ఎందుకైనా మంచిదని హాస్పిటల్ ఫోను నంబరు కూడా ఇచ్చాను. ఆవిడ కంగారుపడి నాతో వస్తానంది. వద్దన్నాను.

ఫిబ్రవరి 15, సాయంత్రం

వెళ్ళొచ్చాను. బతికే ఉన్నాను.

పాత గోడౌను అది. రబ్బరు వాసన, చెమట వాసన, పట్టు జారకుండా చేతులకి పూసుకునే సుద్ద పొడి. గోడలనిండా బుడిపెలు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, ఎవరో పిల్లలకి బొమ్మలు అతికించినట్టు. నేలమీద పరుపులు. నా కళ్ళు ముందు వల కోసం వెతికాయి. లేదు.

కోచ్ ఆడమనిషి. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంది, మాట మాత్రం మెత్తన. కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వల ఏదమ్మా అన్నాను. తాడే మాకు వల అంది. ముట్టుకోవచ్చా అన్నాను. నా చేతికిచ్చింది. నైలాను తాడు, పాముపిల్లలా నున్నగా ఉంది. చివరి నుంచి చివరి దాకా తడిమాను. నా వేళ్ళకి ఏమీ తెలియలేదు. ఈ తాడు మాట్లాడే భాష నాది కాదు. దీన్ని మీరు ఎలా చూస్తారు అని అడిగాను. ఆవిడ విసుక్కోకుండా చెప్పింది. జానెడు జానెడు వంచుకుంటూ వెళ్తారట, లోపలి పోగు దెబ్బతింటే అక్కడ గుండ్రంగా వంగదట, మడతపడుతుందట. నేనూ వంచి చూశాను. గుండ్రంగానే వంగింది.

అప్పుడొచ్చింది బల్లి. నడుముకీ తొడలకీ బెల్టులు, ఎనిమిది అంకెలా ఉన్న ముడి. కింద నిలబడి దాని తాడు పట్టేది, పడితే ఆపేది ఇంకో పిల్ల, లావుపాటి జడ ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. జడపిల్ల అడిగింది, ముడి? బల్లి చేత్తో లాగి చూసి, ఉంది అంది. బెల్టు? ఉంది. ఇప్పుడు బల్లి అడిగింది, కొక్కెం? ఆ పిల్ల తడిమి చూసుకుని, ఉంది అంది. తాడు? ఉంది.

అప్పుడు కాలు పెట్టింది గోడ మీద.

నా చెవుల్ని నేను నమ్మలేదు. చుట్టూ చూశాను. అవతల గోడ దగ్గర ఇంకో జంట. ముడి? ఉంది. ఆ చివర ఇద్దరు మగపిల్లలు. బెల్టు? ఉంది.

ఇలా అడగాలని మీరే నేర్పారా అని కోచ్‌ని అడిగాను. ఒకరినొకరు చూసుకోవాలని మాత్రమే మేం చెప్తామమ్మా, చూసి తలూపేవాళ్ళు, అడగడం, నోటితో ఉంది అనడం మీ మనవరాలు తెచ్చింది, మొదట్లో అందరూ ఏడిపించారు, ఇప్పుడు అది వినపడందే ఎవరూ ఎక్కరు అంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, మా ఇంట్లో గుమ్మం దాటాలంటే ఇలాగే అని చెప్పిందట.

కొంగు ముడి తడిమి చూసుకున్నాను. బిళ్ళ ఉంది.

బల్లి ఎక్కుతూ ఎక్కుతూ తనే తాడుని పైపై కొక్కేలకి తగిలించుకుంటూ పోయింది. పైన ఒకచోట వేళ్ళు జారాయి. పడింది. చాలా కిందికే పడింది, తాడు ఝుమ్మని బిగిసింది, ఊగి ఆగిపోయింది. నేను లేచి నిలబడ్డాను. కేక రాలేదు. అరవడానికి నోరు తెరిచాను కానీ, తాడు చూడ్డంలో అరవడం మర్చిపోయాను. అది వేలాడుతూనే కిందికి చూసి, నానమ్మా ఉన్నావా అంది.

ఉన్నాను అన్నాను.

ఫిబ్రవరి 16

సాయంత్రం అబ్బాయి రాగానే, దాన్ని పంపు అన్నాను. వాడు బూట్లు విప్పుతూ ఆగిపోయాడు. ఏంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా అన్నాడు. బాగానే ఉంది, పంపు అన్నాను. మరి నీ కంగారు అన్నాడు. కంగారు పడటం నా పని, ఎక్కడం దాని పని, ఎవరి పని వాళ్ళు చేసుకుంటాం అన్నాను.

వాడు రెండో బూటు కూడా విప్పి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు. మా వాడు లిఫ్టు మెకానిక్కు. రోజంతా లిఫ్టు గుంటల్లో దిగి ఇనప తాళ్ళు చూస్తాడు. ఒక్కో పోగూ ఎలా తెగుతుందో నాకు తెలుసమ్మా, ఆ గోడ దగ్గరికి నేనూ ఒక్కసారే వెళ్ళాను, ఇంక వెళ్ళలేకపోయాను, నాకు భయమని దానికెలా చెప్పను, నీ పేరు చెప్పాను అన్నాడు. చిన్నప్పుడు లెక్కల్లో సున్నా వచ్చినప్పుడు ఇలాగే నిలబడేవాడు.

నన్ను అడ్డం పెట్టుకున్నాడన్నమాట. కోపం రావాలి. రాలేదు. నా కళ్ళు వాడికొచ్చాయి, నా ముక్కు వచ్చింది, భయం మాత్రం రాకుండా ఎక్కడికి పోతుంది.

అక్కకి ఫోన్ కలపమన్నాను. స్పీకర్ పెట్టమన్నాను. ఆ మొదటి షో సంగతి వీళ్ళకి చెప్పవే అని అరిచాను. ఏ షో అని అరిచింది. రొట్టెల షో అన్నాను. ఓ, ఇన్నాళ్ళకా అంది. వీడు పుట్టాక, ఇది వింటే పిల్లాడు ఎగరడానికి పోతాడేమోనని నేనే చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. అక్క ఒట్టు నిలబెట్టుకుంది. అక్క నిలబెట్టుకున్నది అదొక్కటే.

అక్క చెప్పింది. రెండు పల్టీలు కొట్టి చేతులు చాపింది. బావగారి వేళ్ళు తగిలాయి. తగిలి జారిపోయాయి. ఆ ఊరు, ఆ చలి, చేతులు మొద్దుబారి ఉన్నాయి. పడిపోయింది. అంతెత్తునుంచి. వల లోపలికి దిగింది, దిగింది, నేల తగులుతుందనుకుంది. తగల్లేదు. మెల్లగా పైకి తెచ్చి నిలబెట్టింది, అమ్మ చంటిపిల్లని లేపినట్టు. అక్క రెండు చేతులూ పైకెత్తింది. అది కూడా ఆటే అనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు. పడినందుకు కొట్టినంత చప్పట్లు ఎగిరినందుకు ఎప్పుడూ కొట్టలేదురా అంది.

తర్వాతది నాకు తెలుసు. వల దిగి నా మూల దగ్గరికొచ్చి, చెవిలో, వల రొట్టె వాసన వేస్తోందే, ఆకలేస్తోంది అంది. సంకలో ఉన్న రొట్టె తీసిచ్చాను. తెర వెనక ఇద్దరం కూర్చుని తిన్నాం.

ఇంకో ముక్క ఇవాళే విన్నాను. ఇన్నేళ్ళలో నాకు చెప్పలేదు. అబ్బాయి అడిగాడు, పెద్దమ్మా నీకు భయం వేసేది కాదా అని. ఎందుకు వేస్తుందిరా, పైనుంచి రోజూ నేను మీ బావగారి చేతులు చూసేదాన్ని కాదు, మూల దగ్గర మీ అమ్మ మొహం చూసేదాన్ని, అది ఎంత కంగారుగా ఉంటే వల అంత బాగున్నట్టు, అది ఎప్పుడైనా నిమ్మళంగా నవ్వుతూ నిలబడి ఉంటే నేను ఎక్కేదాన్నే కాదు అంది. మీ బావగారేంటి, మీ పెదనాన్న అని నేను అరిచాను. ఆఁ? అంది.

కోడలు కళ్ళు తుడుచుకుంది. తలనొప్పికి అంది.

బల్లి గుమ్మంలో నిలబడి అంతా వింది. ఎప్పటినుంచి నిలబడిందో.

ఫిబ్రవరి 17

అబ్బాయి కోచ్‌కి ఫోన్ చేశాడు. పంపిస్తున్నామన్నాడు.

ఫిబ్రవరి 18

ఇప్పుడు కొత్త దిగులు. పోటీలో తాడు పట్టేది అక్కడివాళ్ళేనట. జడపిల్ల కాదు, మన కోచ్ కాదు. ఎవడో తెలియని మనిషి. ముడి ఉందా అని దాన్ని ఎవరు అడుగుతారు?

మార్చి 20

ఎయిర్‌పోర్టు. అద్దాల గోడలు, నున్నటి నేల, ఎక్కడ జారిపడతానో అని కోడలి చెయ్యి పట్టుకున్నాను. నా చిన్నప్పటి స్వెటరు ఒకటుండేది, జోకరు ఇచ్చింది, అది చీకిపోయింది. కొత్తది కొనిచ్చాను. అక్కడ నోట్లోంచి పొగ వస్తే కంగారుపడకు అని చెప్పాను. తెలుసు నానమ్మా అని నవ్వింది.

లోపలికి వెళ్ళే చోట నిలబడి అడిగాను. పాస్‌పోర్టు? ఉంది. బెల్టు? ఉంది. సుద్ద సంచి? ఉంది. మందుల డబ్బా? ఉంది. వెనక క్యూలో వాళ్ళు చూస్తున్నారు. అబ్బాయి సిగ్గుపడలేదు. ఇంకోటి మర్చిపోయావు అన్నాడు. వాడే అడిగాడు, భయం?

అది ఛాతీ మీద చెయ్యి పెట్టి తడిమి చూసుకుని, ఉంది నాన్నా అంది.

ఉండాలి అన్నాను నేను.

మార్చి 22

దిగిందట. తిన్నదట. పొగ వచ్చిందట.

మార్చి 26

పోటీ అబ్బాయి ఫోనులో చూశాం. అందరం. టీచరు కూడా గోడ మీంచి కాక గుమ్మంలోంచి వచ్చింది. వాడు ఫోను పట్టుకున్న చెయ్యి ఊగుతుంటే కోడలు లాక్కుని గ్లాసుకి ఆనించి పెట్టింది.

గోడ మా గోడౌనుది కాదు. దాని తాతలాంటిది. పైభాగం మన మీదికి వాలి ఉంది. కింద తాడు పట్టుకుని ఒక గడ్డపాయన. రొట్టెలాయనంత మనిషి. బల్లి ఆయన ముందు నిలబడింది. వెళ్ళిపోతుందేమో, తలూపి ఎక్కేస్తుందేమో అని నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్ళలేదు. తన ముడి పట్టుకుని ఆయన వంక చూస్తూ నిలబడింది. ఆయన వంగి, ముడి లాగి చూసి, నోరు కదిపాడు. ఫోనులో వినపడలేదు. కానీ నాకు పెదాలు తెలుసు కదా. ఆ మాట కోసం పెదాలు ఎలా కదులుతాయో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుసు.

కోచ్ తర్వాత ఫోనులో చెప్పింది. ప్రాక్టీసు రోజునే తాడు పట్టేవాళ్ళందరికీ బల్లి ఆ మాట నేర్పిందట. వాళ్ళకి తిరగలేదట నాలుక. ఇవాళ పోటీకి వచ్చిన వేరే దేశాల పిల్లలు కూడా నవ్వుతూ అడిగారట, మాకూ చెప్పు అని.

నా మాట ఫారిన్ వెళ్ళింది. ఈసారి ఎలుకల భయం లేకుండా వెళ్ళింది.

బల్లి చాలా పైకి పాకింది. పై అంచు ఇంకా కొంచెం ఉందనగా జారింది. అబ్బాయి కళ్ళు మూసుకున్నాడు. నేను మూసుకోలేదు. పడింది, తాడు పట్టింది, ఊగింది. ఊగుతూ రెండు చేతులూ పైకెత్తింది. జనం లేచారు.

ఏడో స్థానం. ప్రపంచంలో ఏడు అంటే మాటలా అని టీచరు అంటోంది. నాకు ఆ లెక్కలు తెలీవు. దాని చేతులు చూశాను నేను. ఎవరివో నాకు తెలుసు.

ఏమయ్యిందమ్మా అని అబ్బాయి కళ్ళు మూసుకునే అడిగాడు. ఉందిరా, కళ్ళు తెరువు అన్నాను.

ఏప్రిల్ 3

అబ్బాయి నడుం నయం. కోడలు కళ్ళజోడు మార్చుకుంది. బల్లి వేళ్ళు మానుతున్నాయి. టీచరుకి షుగరు దిగింది.

అక్క వస్తోంది. గోడ చూడ్డానికట. చూసి ఊరుకునే మనిషి కాదు. సంచిలో పాత కాన్వాసు బూట్లు పెట్టుకుందని వాళ్ళ కోడలు నాకు రహస్యంగా చెప్పింది.

కోచ్ దగ్గర తాడు పట్టడం నేర్చుకుంటున్నాను. పన్నెండో తారీఖు, ఆదివారం, పొద్దుటి బస్సుకి అక్క దిగుతోంది.